లెక్కకు రాని కాయకము

గడచిన శ్రావణమాసమున నొక సోమవారము సాయంకాలము నా పూర్వ విద్యార్థి యొకడు మా యింటికి వచ్చినాడు. అతడు పదేండ్లుగా శివశరణుల చరిత్రలను చిన్నచిన్న వ్యాసములుగా వ్రాయుచు పత్రికలకు పంపుచున్నాడు. నడుమ నడుమ జీతములో మిగిల్చిన సొమ్ముతో చిన్న పుస్తకములు వేయించుచున్నాడు. ఉద్యోగము వేరు; ఇది అతని కాయకము. ఆనాడు అతని ముఖమున ఉత్సాహము లేదు. కారణమడుగగా చెప్పిన సంగతి యిది. ఒకానొక సంస్థవారు ఏటేట ప్రకటించు ఉత్తమ గ్రంథముల పట్టికలో మొన్నటి యేడు అతని పుస్తకమునకు నాలుగవ స్థానము లభించినది. ఈ యేడు అంతకంటె ఎక్కువ శ్రద్ధతో వ్రాసిన పుస్తకమునకు పట్టికలోనే చోటు లేదు. విచారింపగా, ఈ యేటి పరీక్షకులకు పంపిన ప్రతుల కట్ట అసలు విప్పబడనేలేదని తెలిసినది. అమ్ముడుపోయిన ప్రతులెన్నియని అడిగినచో అంగడివాడు ఒకమారు నూటనలువది యనియు, నెల గడచిన పిమ్మట అరువది యనియు చెప్పినాడట. చదివినవారి సంఖ్యను క్షణములో చూపు యంత్రములు సైతము నేడు చేతికి వచ్చినవి గదా! వానిలో ఒకనాడు మూడువందలు, మరునాడు పదునొకండు.

"సార్, నేను ఎదుగుతున్ననో దిగజారుతున్ననో నాకే తెలుస్తలేదు. ఇక మానుకోమంటరా?" అని అడిగినాడు.

నాకు వెంటనే సమాధానము తోచలేదు. తోచినట్లు నటించి రెండు నీతివాక్యములు చెప్పి పంపివేయుట ఉపాధ్యాయులమగు మాకు అలవాటే. ఆనాడెందుకో ఆ పని చేయ మనసొప్పలేదు. తేనీరు త్రాగించి, ఆలోచించి చెప్పెదనని పంపితిని. ఆలోచించినదంతయు ఇక్కడ వ్రాయుచున్నాను. ప్రశ్న అతనిదొక్కనిదే కాదని నా నమ్మకము.

ఓరుగల్లు కోటలోని స్వయంభూ దేవాలయమును గూర్చి మన సంప్రదాయమున నొక కథ కలదు. పాల్కురికి సోమనాథుని ద్విపద బసవపురాణమును తరువాతి కాలమున పద్యకావ్యముగా రచించిన పిడుపర్తి సోమనాథుడు తన గ్రంథమున దీనిని చెప్పినాడు. ఆలయమున భక్తులు గుమిగూడి బసవపురాణమును పఠించుచుండగా ప్రతాపరుద్ర మహారాజు స్వామి దర్శనమునకు వచ్చి, అచ్చట జరుగుచున్నదేమని అడిగినాడట. ప్రక్కనున్న విప్రుడొకడు అది పాల్కురికి సోమన యనువాడు ఇటీవల కల్పించిన ద్విపద యనియు, యతిప్రాసలు తిన్నగా లేని ఆ రచన ప్రమాణము కాదనియు చెప్పినాడట. రాజు ఆ మాట విని వెడలిపోయినాడట.

ఆ రాజు ఎవరను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. 1158 మొదలు 1195 వరకు ఏలిన రుద్రదేవుడని కొందరు, 1289 మొదలు 1323 వరకు ఏలిన కడపటి ప్రతాపరుద్రుడని కొందరు. సోమనాథుని కాలము పండ్రెండవ శతాబ్దియా, పదునాలుగవ శతాబ్దికి చేరువయా యను వాదములో ఈ కథయు ఒక సాక్ష్యముగా నిలుచుచున్నది. ఆ వాదము మనకిచ్చట అవసరము లేదు. కథలోని న్యాయమును చూడుడు. రాజు పురాణమును వినలేదు. తీర్పు చెప్పినవాడు దానిని ఆమూలాగ్రముగా చదివెనన్న మాట కథలో ఎచ్చటను లేదు. అయినను ఆనాటి రాజధానిలో ఆ గ్రంథపు స్థానము ఆ ఒక్క నిమిషములో నిర్ణయమైపోయినది. విప్పని కట్టకు, వినని పురాణమునకు భేదమేమి?

ఇందులో మనము సాధారణముగా గమనింపని విషయము మరియొకటి కలదు. సోమనాథుడు ఆ తీర్పునకు ఆశ్చర్యపడవలసిన పని లేదు. ద్విపదను చేపట్టినప్పుడే దాని వెల అతనికి తెలియును. సంస్కృతపదభూయిష్ఠమైన గద్యపద్యములకు ఆస్థానములలో ఎట్టి మన్నన యుండెనో ఎరిగియే అతడు సర్వసామాన్యమగు జానుతెనుగును ఎన్నుకొన్నాడు. అట్లు ఎన్నుకొనుటకు కారణములను బసవపురాణపు అవతారికలోనే చెప్పుకొన్నాడు. పండితారాధ్య చరిత్రములో తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలుగా ఆనాటి జనులు పాడుకొను పాటల పేర్లను అతడు పేర్కొన్న తీరు చూచినచో, అతని చెవి ఎటువైపు ఉండెనో తెలియును. అతడు సంస్కృతము రానివాడు కాడు. సంస్కృతమునను రచనలు చేసినవాడే. రాజు మెప్పునకై వ్రాయదలచినచో ఆ దారి అతనికి తెరచియే యున్నది. ఎవరికొరకు వ్రాయుచున్నాడో నిశ్చయించుకొనిన పిమ్మటనే అతడు గంటము పట్టినాడు. నా మిత్రుని విషయమున ఈ క్రమము తలక్రిందులైనదేమో యని నా అనుమానము. వ్రాసిన తరువాత ఎవరు చదివిరో లెక్క చూచి, దానిని బట్టి తానెవరికొరకు వ్రాయుచున్నాడో తెలిసికొన జూచుచున్నాడు.

స్వయంభూ దేవాలయము నేడు లేదు. శిథిలమైన చెక్కడపు రాళ్ళు నేలపై పరచియున్నవి. దానికి నాలుగు దిక్కుల ఎత్తిన కీర్తితోరణములు నాలుగును మాత్రము నిలిచియున్నవి. పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోయినప్పుడెల్ల వారు అడుగు ప్రశ్న ఒకటే: "సార్, ఈ దర్వాజాలు దేనికి?"

కాలక్రమమున బసవపురాణమునకు పట్టిన గతిని కూడ కొంచెము చూతము. 1369లో భీమకవి దానిని కన్నడమునకు మార్చినాడు. ఒక తెలుగు పురాణము కన్నడదేశపు శరణుల కథను కన్నడిగులకే మరల చెప్పుట సామాన్యమైన సంగతి కాదు. తెనుగున పిడుపర్తివారు దానిని పద్యము చేసిరి. అనగా విప్రుడు తప్పుపట్టిన ద్విపద మన వారిలోనే కొందరికి చాలదని తోచినదన్నమాట. అంతట శతాబ్దుల తరబడి తాళపత్రములలో, మఠములలో, భక్తుల యిండ్లలో అది బ్రతికియున్నది. తెలుగు సాహిత్యచరిత్రలలో చాలకాలము దానికి లభించిన చోటు స్వల్పమే. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో బసవపురాణమును పరిష్కరించి ప్రకటించిరి. 1939లో చిలుకూరి నారాయణరావుగారు పండితారాధ్య చరిత్రను వెలువరించిరి. వీరిద్దరును వీరశైవులు కారు. అప్పటినుండి సోమనాథుడు ఆదికవులలో ఒకడని, దేశికవితకు మార్గదర్శి యని విశ్వవిద్యాలయములలో బోధింప మొదలిడిరి. 1990లో వెల్చేరు నారాయణరావుగారి ఆంగ్లానువాదమును అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి.

ఇప్పుడు సోమనాథుని స్థానము ఎంత? ఆ రాజు గుడికి వచ్చిన నాడు లెక్క తీసినచో సున్న. 1369లో కన్నడదేశమున తీసినచో మిక్కిలి యెక్కువ. 1900లో తెలుగు పండితుల నడిగినచో మరల కడపటి వరుస. నేడు అడిగినచో ముందు వరుస. గ్రంథములో ఒక్క అక్షరము మారలేదు. లెక్క తీసిన దినము మాత్రమే మారినది. లెక్క అబద్ధమని నేననుట లేదు. ఏనాటి లెక్క ఆనాటికి నిజమే కావచ్చును. కాని అది గ్రంథమును గూర్చి చెప్పుచున్నదని మనము భ్రమపడుచున్నాము. అది చెప్పునది ఆ దినమును గూర్చి.

దూరకాలపు మాట వదలి మన జిల్లాకే వత్తము. 1922లో నాటి ఓరుగల్లు జిల్లాలోని ఇనుగుర్తి గ్రామమునుండి 'తెనుగు' అను వారపత్రిక వెలువడినది. నేడు ఆ యూరు మహబూబాబాదు జిల్లాలో నున్నది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు అను సోదరులిద్దరు దాని సంపాదకులు. నిజాము పాలనలో కచ్చేరీల భాష ఉర్దూ, బడులలో బోధనాభాష ఉర్దూ. తెలుగు చదువ నేర్చినవారే తక్కువ. అందులో పత్రిక కొనగలవారు మరింత తక్కువ. అట్టి కాలమున, అట్టి పల్లెలో, వ్రాయుటయు, అక్షరములు కూర్చుటయు, అచ్చొత్తుటయు, పంపుటయు తామే చేసికొనుచు ఆ సోదరులు వారము వారము పత్రికను నడపిరి. కొన్ని యేండ్లకు అది నిలిచిపోయినది. చందాదారుల సంఖ్యయే కొలమానమైనచో అది నష్టపు వ్యాపారము. కాని నేడు తెలంగాణపు పత్రికల చరిత్ర వ్రాయువాడెవ్వడును ఇనుగుర్తి పేరు చెప్పక పుట తిప్పలేడు.

ఇదే సందర్భమున సురవరం ప్రతాపరెడ్డిగారిని తలపక తప్పదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని ఒక విమర్శకుడు వ్రాసినాడు. పూజ్యమను మాటకు పూజింపదగినది యనియు, సున్న యనియు రెండర్థములు కలవు. ఆయన ఉద్దేశించినది రెండవదే. సురవరమువారు కోపముతో వ్యాసము వ్రాసి ఊరకుండలేదు. గోలకొండ పత్రిక తరఫున ఊరూరికి కబురు పెట్టి కవుల వివరములను, పద్యములను తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు గలరు. ఆ కవులలో పెక్కుమందికి తాము ఒక సంఖ్యలో చేరుదుమను ఊహ యుండి యుండదు. కరణీకము చేయుచు, పౌరోహిత్యము చేయుచు, బడి చెప్పుచు, ఎవరును లెక్కింపకున్నను వ్రాసికొనుచుండిరి. సున్న యని చెప్పబడిన దినమున కూడ వారు 354 మందియే.

ఇక మన మతమునకు సంబంధించిన సాక్ష్యము. బిజాపురమున న్యాయవాదిగా నుండిన ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు (1880–1964) శరణుల వచనములున్న తాళపత్రములకై ఊరూర తిరిగిరి. పూజాగృహములలో పసుపు కుంకుమలతో పూజలందుకొనుచు, ఎవరును విప్పి చదువని కట్టలను బతిమాలి తెచ్చి ప్రతులు వ్రాసికొనిరి. 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగము వెలువడినది. తరువాత సొంత ముద్రణాలయమును పెట్టుటకై ఉన్న యిల్లు అమ్ముకొనిరి. 1926లో శివానుభవ పత్రికను ఆరంభించిరి. వకీలుగా సంపాదించిన దానికంటె వచనములకై వ్యయించినదే యెక్కువ యని ఆయనను ఎరిగినవారు చెప్పుకొనుచుండెడివారు. నేడు కర్ణాటక ప్రభుత్వము 15 సంపుటములుగా ప్రకటించిన సమగ్ర వచన సాహిత్యమునకు పునాది ఆ తిరుగుడే. కల్యాణమున విప్లవము రేగి శరణులు చెల్లాచెదరై పోవునపుడు ఆ కట్టలను మోసికొనిపోయినవారికి, ఏడు వందల యేండ్లకు పైగా గడచిన తరువాత బిజాపురపు వకీలు ఒకడు వచ్చునని తెలియదు గదా.

ఇంతవరకు చదివిన వారిలో నా మిత్రునివంటి వివేకి యొకడు అడుగవచ్చును: "ఇవన్నియు చివరకు గెలిచినవారి కథలు. గెలువనివారి మాట ఏమి?" ఈ ఆక్షేపణ సరియైనదే. 1926లో వేటూరివారికి తాళపత్రము దొరకకున్నచో? చెదపురుగులు తినివేసిన బసవపురాణములు ఎన్ని గలవో? ఏ హళకట్టియు రాని ఇండ్లలో పూజలందుకొనుచునే పొడియైపోయిన వచనములెన్నియో? భావికాలము తప్పక గుర్తించునను ఆశ కూడ ఒక విధమైన లెక్కయే. రొక్కము లెక్క కాక అరువు లెక్క. నేటి మెప్పును కాదని రేపటి మెప్పుకొరకు వ్రాయువాడు అంగడి మార్చినాడేగాని బేరము మానలేదు. కనుక ఈ కథలను నేను ఫలశ్రుతిగా చెప్పుట లేదు. సోమనాథుని గ్రంథము పోయియున్నను, స్వయంభూ గుడిలో ఆనాడు చదివిన భక్తులు దానిని విని కన్నీరు పెట్టిన మాట పోదు. అది జరిగిపోయినది. దానిని ఏ చెదపురుగును తినజాలదు.

సంఖ్య చేయు కీడు నిరుత్సాహమొక్కటే అయినచో నేనింత వ్రాయవలసిన పని లేదు. నిరుత్సాహము నాలుగు దినములకు తీరును. ఉత్సాహపరచు సంఖ్య చేయు కీడు అంతకంటె పెద్దది. దీనికి నేనే సాక్షిని. ముప్పదియేండ్లుగా తెలుగు చెప్పుచున్నాను. ఒక యేడు పదవతరగతిలో నా విషయమున నూటికి నూరుమంది ఉత్తీర్ణులైరి. సభ చేసి శాలువ కప్పిరి. ఆ యేడు నేను చేసినదేమో నాకు తెలియును. మూడు నెలలు పాఠము చెప్పుట మాని, రాదగిన ప్రశ్నలను ఎంచి, జవాబులను వల్లె వేయించితిని. పద్యమును పాడి వినిపించినచో కాలము వ్యర్థమని పాడుట మానితిని. ఆ శాలువ ఇప్పటికిని మా యింట నున్నది. చలికాలమున కప్పుకొనుటకు పనికివచ్చుచున్నది. మరియొక యేడు ఇద్దరు తప్పిరి. సంజాయిషీ వ్రాసి యిమ్మనిరి. ఆ తప్పినవారిలో ఒకడు నేడు హనుమకొండలో సైకిళ్ళు బాగుచేయు అంగడి పెట్టుకొనియున్నాడు. అంగడి గోడపై సుద్దముక్కతో వేమన పద్య మొకటి వ్రాసి, నెలకొకమారు మార్చుచుండును. నేను ఆ దారిన పోయినప్పుడు నిలిచి చదువుదును. తప్పు లున్నవి, చెప్పుదును, దిద్దుకొనును. ఏ శాతములో వానిని చేర్తురు?

నా మిత్రుడు వెళ్ళుచు గుమ్మమువద్ద నిలిచి మరియొక మాట చెప్పినాడు. అదియే నన్ను ఎక్కువ కలచినది. మాదార చెన్నయ్యను గూర్చి నాలుగు నెలలు శ్రమించి వ్రాయుచుండిన వ్యాసమును సగములో ఆపివేసినాడట. అద్భుతములున్న కథలకు చదువరుల సంఖ్య పెరుగుచున్నదని చూచి, వరుసగా మూడు మహిమల కథలు వ్రాసినాడట. అవి తనకు నచ్చలేదట. సంఖ్య మాత్రము పెరిగినదట. శరణులారా, ఇక్కడ పోయినది ఒక రచయిత ఉత్సాహము కాదు. తోళ్ళ పని చేసికొనుచు శివుని మెప్పించిన చెన్నయ్య కథ పోయినది. అంటరానితనము నేటికిని పల్లెలలో తలయెత్తుచున్న ఈ కాలమున ఏ కథ ఆవశ్యకమో ఆ కథయే, చూచువారు తక్కువని, పక్కకు పోయినది.

అయినచో లెక్కలన్నిటిని మానివేయుడని చెప్పవలెనా? బసవేశ్వరుని అనుయాయులము అట్లనరాదు. ఆయన బిజ్జలుని భండారి. లెక్క వ్రాయుట ఆయన ఉద్యోగము. రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని కిట్టనివారు చాడీలు చెప్పగా బిజ్జలుడు లెక్క అడిగిన కథ బసవపురాణమున నున్నది. బసవన్న కోపింపలేదు, నా భక్తిని శంకింతువా యని అలుగలేదు. పెట్టెలు తెరిపించి చూపినాడు. కాసు తగ్గలేదు. మహిమను నమ్మువారు నమ్ముదురుగాక. నాకు నచ్చినది పెట్టెలు తెరచుటకు ఆయన వెనుదీయకుండుట. రాజు సొమ్మునకు లెక్క చెప్పినాడు. దాసోహమునకు మాత్రము లెక్క పెట్టుకొనలేదు. ఈ దినము ఇందరు జంగములు భుజించిరి, నిన్నటికంటె ఇందరు ఎక్కువ, కనుక నా భక్తి పెరిగినది, అని ఆయన ఎన్నడును అనుకొన్నట్లు కానరాదు. ఒకే మనిషి, ఒకే చేయి. ఏది లెక్కింపవలెనో, ఏది లెక్కింపరాదో ఎరిగినవాడు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ దీనిని ఇంకను స్పష్టము చేయును. బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమార్చన చేయుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ తెచ్చినాడు. మనమైనచో సంతోషింతుము, నేటి అంకె నిన్నటి అంకెను మించినది గదా! లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఎక్కువ ఎక్కడిదని నిలదీసినది. మన అవసరమునకు మించినది మనది కాదని, ఎచ్చటినుండి తెచ్చితివో అచ్చటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపినది.

ఈ కథను ఆశ పనికిరాదను నీతికొరకే చెప్పుచుందుము. నేను మరియొకటి గమనించితిని. ఎక్కువైనదని లక్కమ్మకు ఎట్లు తెలిసినది? ఆమె నిత్యము కొలుచుచున్నది కనుక. ఆమెయు లెక్క గల మనిషియే. ఆమె కొలత పని ఎంత కావలెనో దానినిబట్టి ఏర్పడినది. ఈ పూట జంగములకు చాలునా, చాలదా యనునదే ఆ కొలత. ఆ కొలత ఆమె చేతిలో నున్నది, ఎవరు మార్చినను మారదు, అంగడివాడు ఒకమారు నూటనలువది, మరియొకమారు అరువది యని చెప్పజాలడు. నా మిత్రుడు పట్టుకొన్న కొలతలన్నియు పరుల చేతులలోనివి. పట్టిక చేయువాడు పరీక్షకులను మార్చినచో మారును. యంత్రము నడుపువాడు త్రిప్పు త్రిప్పినచో మారును. పైగా అవి కొలుచునదేమి? పుట తెరచినవానిని కొలుచును, చదివినవానిని కాదు. ఒకడే పదిమార్లు తెరచినను పదిమందియే. ఒక్క ప్రతిని ఇరువదిమందికి చదివి వినిపించినను ఒక్కరే. గ్రంథాలయపు పుస్తకములో సంతకము చేసి పంకా గాలికి కునుకు తీయువారిని నేనెరుగుదును. సంతకము చేయక మూల నిలిచి అధ్యాయము ముగించువారిని ఎరుగుదును.

ఇక్కడ నాకు నేనే ఒక హెచ్చరిక చేసికొనవలెను. "నా కాయకము నాది, లోకముతో నాకేమి" అను మాట వెనుక సోమరితనము దాగుటకు మిక్కిలి వీలున్నది. అచ్చుతప్పులు దిద్దనివాడు, తన వాక్యము ఎవరికిని అర్థము కాకున్నను మార్చనివాడు, తానును సోమనాథుని వంటివాడనే యనుకొనును. సోమనాథుడు యతిప్రాసలను గూర్చిన ఆక్షేపణ రాకముందే తన పద్ధతికి కారణములు చూపినాడు; ఆక్షేపించువాడు ఏమనునో ఊహించి ఆలోచించినాడు. చదివి తప్పుపట్టినవాడు చందా కట్టినవానికంటె ఉపకారి. అనుభవమంటపమున శరణులు ఒకరి మాటను ఒకరు ఖండించుకొనిరేగాని ఎవరి వచనమునకు ఎందరు తలయూపిరో ఎన్నుకొనలేదు. ఖండనము వేరు, సంఖ్య వేరు. సంఖ్య యొక్క దోషమే యిది: అది ఎన్నడును కారణము చెప్పదు. మూడువందలు పదునొకండుగా మారినప్పుడు, వాక్యము చెడినదా, విషయము చేదైనదా, ఆనాడు ఊరిలో జాతర యుండెనా, ఏమియు చెప్పదు. కారణము చెప్పని గురువువద్ద ఎవడు నేర్చుకొనగలడు?

ఆదివారమునాడు మిత్రుని పిలిచి, వ్రాసినదంతయు చదివి వినిపించితిని. శ్రద్ధగా విన్నాడు. "మంచిగనే ఉంది సార్. కాని రేపు పొద్దున మళ్ళ అదే చూస్త" నని నవ్వినాడు. నేనును నవ్వితిని. ఫలితముల దినమున నా విషయపు శాతము ముందు చూచి, తరువాతనే పిల్లల పేర్లు చూచు అలవాటు నాకును ఇంకను పోలేదు. అయినను ఒక ఒప్పందము చేసికొంటిమి. చెన్నయ్య వ్యాసము పూర్తియగువరకు ఏ అంకెను చూడరాదని అతడు, ఈ యేడు తరగతిలో ప్రతి పద్యమును పాడియే చెప్పవలెనని నేను. ఎవరు ముందు తప్పుదుమో చూడవలసియున్నది.

మా వీధి చివర నేతపని మానుకొన్న వృద్ధు డొకడున్నాడు. నేను చదువుట ముగిసిన పిమ్మట మన త్రైమాసికము అతని యింటికి పోవును. అతని భార్యకు అక్షరములు రావు. రాత్రి భోజనమైన తరువాత అతడు పైకి చదువుచుండగా ఆమె వినును. చందాదారుల పట్టికలో మా యింటి పేరు ఒక్కటే యున్నది. నిన్న ఆమె నన్ను దారిలో ఆపి, పోయిన సంచికలో మడివాళ మాచయ్య కథ రాజు ఏనుగును పంపినకాడ ఎందుకు ఆపితివి, తరువాత ఏమైనదని అడిగినది. చోటు చాలలేదమ్మా యని చెప్పితిని. తక్కినది వచ్చు సంచికకు వ్రాసి పంపవలెను. ఇంకను మొదలుపెట్టలేదు.